అత్తయ్యగారి గోడకు పట్టిన చెమట

నేనో గోడను ఏడిపించాను. నవ్వకండి, నిజంగానే ఏడిపించాను. దాంతోపాటు మా ఆవిడనీ ఏడిపించాను. ఆ ఒక్క భాగానికి మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు. మిగతాదానికి మీరు హాయిగా నవ్వుకోవచ్చు.

కైకలూరులో రొయ్యల చెరువుల సామాన్లు అమ్మే షాపులో పనిచేస్తాను. వచ్చిన ప్రతి రైతుకీ గొట్టాల మీద ఉపన్యాసం ఇచ్చీ ఇచ్చీ, లోకంలో పైపు అన్నది ఎక్కడ కనబడినా అది నా సబ్జెక్టేనని ఓ నమ్మకం కుదిరిపోయింది.

ఆ ఏడు మా అత్తయ్యగారు తుంటి ఆపరేషనై మా ఇంట్లో ఉన్నారు. ఆవిడ గదిని ఆనుకునే బాత్రూం ఉంది గాని, కుళాయి తిప్పితే తుప్పు రంగులో నాలుగు చుక్కలు రాలేవి. కొల్లేటి గట్టు ఉప్పునీళ్లు పాత ఇనప పైపుల్ని లోపల్లోపలే తినేశాయి. మా ఆవిడ సుజాత పెరట్లోంచి బకెట్లు మోసేది. తాడేపల్లిగూడెం నుంచి వాళ్లన్నయ్య, అంటే మా బావగారు, ఫోన్లో తేల్చేశారు.

"ఆదివారం వస్తానండి. అప్పటికి కుళాయిలో నీళ్లు రాకపోతే అమ్మని తీసుకెళ్లిపోతాను."

అత్తయ్యగారికేమో కూతురి దగ్గరే ఉండాలని. సుజాత చిన్నప్పట్నించీ హాస్టళ్లలో పెరిగింది. అమ్మతో ఒక ఇంట్లో ఇన్నాళ్లుండటం తనకి అదే మొదటిసారి.

"ప్లంబర్ని పిలవండీ," అంది.

"నేనుండగా ప్లంబరెందుకు?"

"మీకు తెలిసినవి చెరువుల పైపులండీ. ఇది ఇల్లు."

"నీళ్లకి చెరువేంటి, ఇల్లేంటి!" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో మీరు చూడాల్సింది.

షాపు గోడౌన్లో చీటీలు ఊడిపోయిన నల్ల గొట్టం చుట్టలు రెండున్నాయి. ఒకటి వంచబోతే మొండికేసింది. రెండోది ఎటు తిప్పితే అటు వంగింది. ఓనరుగారిని అడిగి ఆ మెత్తనిదే తెచ్చుకున్నాను. శనివారం ఇనప పైపు పీకి, ఆవిడ గది గోడ చెక్కి, మేడమీది టాంకు నుంచి బాత్రూం దాకా మలుపులన్నీ తిప్పుతూ గొట్టం పరిచాను. కుళాయి విప్పితే ధారగా నీళ్లు!

అత్తయ్యగారు వాకరు పట్టుకుని వచ్చి మొహం కడుక్కున్నారు. "బాబుగారూ, ఇంట్లోకి కాలవే తెచ్చేశారండీ!" అన్నారు. సుజాత నవ్వింది. ఆ నవ్వు చూశాక నేనింక ఆగలేదు. కుళాయి కట్టేసి, గొట్టం మీద గోడ పొడుగునా సిమెంటు పూసేశాను.

ఆదివారం పొద్దున్న సుజాత కేకేసింది. "ఏవండీ, గోడకి చెమట పట్టిందేంటండీ?"

"కొత్త సిమెంటు కదా, అలాగే ఉంటుంది."

కాఫీ పూర్తయ్యేలోగా సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడి అత్తయ్యగారి మంచం మీద పడింది. వెనకాల గొట్టం ఒళ్లంతా నీటి బొట్లు. మేడమీద టాంకు ఖాళీ. కుళాయి తిప్పితే ఓ నిట్టూర్పు మాత్రం వచ్చింది.

సుజాత గొట్టం తడిమి చూసింది. "చెరువుకి గాలి కొట్టే గొట్టానికి కంటికి కనపడని బెజ్జాలుంటాయి, గాలి పంపితే చెరువంతా బుడగలొస్తాయి అని రైతులకి రోజూ చెప్తారే, అదేనాండీ ఇది?"

అదే. కుళాయి తెరిచున్నంతసేపూ నీళ్లు బుద్ధిగా అటే పోయాయి. కట్టేశాక దారి లేక బెజ్జాలన్నిట్లోంచీ గోడలోకి దూరాయి. తెరిచి చూసిన మేధావిని, మూసి కాసేపాగి చూడలేదు.

బావగారు వచ్చారు. గోడ చూశారు, నన్ను చూశారు.

"ఏంటండీ ఇది?"

"పైపండి."

"అలాగాండీ," అని తల్లి బట్టలు సర్దడం మొదలెట్టారు.

"బాబుగారిని ఏమీ అనకురా, పాపం చాలా కష్టపడ్డారు," అన్నారు అత్తయ్యగారు. తిట్టినా బాగుండేది. కారు కదిలాక కూడా సుజాత చాలాసేపు గేటు వదల్లేదు.

ఆ వారంలోనే ప్లంబరొచ్చి ఒక్క పూటలో పని ముగించాడు. గది ఆరాక వస్తానన్నారు అత్తయ్యగారు. రాలేదు. వానాకాలంలో తాడేపల్లిగూడెంలోనే పోయారు.

దినాలయ్యాక ఇంటికొచ్చి, ఆ గది గుమ్మంలో నిలబడి, చెయ్యి ముందుకు చాచి ప్రమాణం చేశాను. "ఈ జన్మలో పైపు ముట్టుకోను. గోడ చెక్కను. ఇల్లు మునిగిపోతున్నా సరే, ప్లంబరు వచ్చేదాకా కుర్చీలోంచి లేవను."

సుజాత కళ్లు తుడుచుకుంది.

"ఈ ముక్క ఆ శనివారం అని ఉంటే సరిపోయేది కదండీ," అంది.