ముగ్గురు రావమ్మలను ఒకటి చేసిన తెరేసమ్మ

ముప్పై ఏళ్ల కిందట పాలకేంద్రంలో వెన్న శాతం రాసే పిల్లగా చేరిన తెరేసమ్మ ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర అయిదో అంతస్తులో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్టు. ఆ పేరు పలకడానికి ఆవిడ భర్త పాల్‌కి ఇప్పటికీ రెండు గుక్కలు కావాలి. పని మాత్రం చిన్నదే. కంపెనీకి పాలు, చేపల మేత, లారీలు అని మూడు వ్యాపారాలు. ఏది ఎటు పరిగెత్తాలనుకుంటోందో కనిపెట్టి, అందరి కంప్యూటర్లనూ ఒకే దారిలో పెట్టాలి. చిన్నదంటే, మూడు దున్నల్ని ఒకే కాడికి కట్టడమంత చిన్నది.

ఈసారి కత్తి మెడ మీదికే వచ్చింది. రైతుల కోసం ఎవరి కొత్త యాప్ వాళ్లకి కావాలని మూడు వ్యాపారాల పెద్దలూ పట్టుబట్టారు. శనివారంలోగా ముగ్గురూ ఒకే రైతుల జాబితాకి ఒప్పుకుని సంతకాలు పెట్టాలి, లేదంటే ఎవరి యాప్ వాళ్లకిచ్చేసి తెరేసమ్మను తిరిగి పాలకేంద్రానికి పంపిస్తానన్నాడు ఛైర్మన్. మూడు వ్యాపారాల కంప్యూటర్లూ ఎలా కలవాలో పన్నెండేళ్లుగా ఆవిడ గీసిన కంపెనీ పటం ఇక చెత్తబుట్టకే.

ఆ పటాన్ని పదకొండు మీటింగుల్లో చూపించింది. రంగులు బాగున్నాయన్నారు.

దాంతో ఆవిడకి ఒళ్లు మండింది. మీ యాప్ ప్లాను ముందు ఏ రైతుకి చూపిస్తారో పేరు రాసివ్వమని ముగ్గురినీ విడివిడిగా అడిగింది. ముగ్గురూ రాసింది ఒక్క మనిషినే: హనుమాన్ జంక్షన్ అవతల కాలవగట్టు పక్కనుండే రావమ్మ. పన్నెండు గేదెలు, నాలుగు చేపల చెరువులున్న ఇల్లాలు. తెరేసమ్మ మొహంలో ఏమీ కనపడనివ్వకుండా, గురువారం పదింటికి వెళ్లి చూపించి రమ్మని ముగ్గురికీ ఒకే టైము చెప్పింది.

గురువారం తొమ్మిదిన్నరకే ఆవిడ రావమ్మ అరుగు మీద కూర్చుని జంతికలు నములుతోంది. గట్టు మీద ఒక్క కారే పడుతుంది, అటు కాలవ, ఇటు చెరువు. తూర్పు నుంచి పాల యూనిట్ దుర్గాప్రసాద్ కారు. పడమర నుంచి మేత యూనిట్ సాయిశ్రీ కారు, దాని తోకలా లారీల ఇశ్రాయేలు జీపు. కార్లు రెండూ ముక్కులు రాసుకునేంత దగ్గర్లో ఆగాయి. జీపు వెనకాల రావమ్మ గేదెలొచ్చి నిలబడ్డాయి. ఎవరూ వెనక్కి పోరు. హారన్లు మోగి మోగి బొంగురుపోయాయి. గేదెలకవి పట్టలేదు.

పావుగంటకి ముగ్గురూ దిగి నడిచొచ్చారు. తెరేసమ్మను చూసి దుర్గాప్రసాద్ ఏదో అనబోయాడు గానీ రావమ్మ ముందే అందుకుంది.

"మీ ముగ్గురిదీ ఒకటే కంపెనీయా? ఇన్నాళ్లూ పోటీవాళ్లనుకున్నానండీ." ముగ్గురూ విడివిడిగా ఇచ్చిన మూడు రైతు కార్డులు లోపల్నించి తెచ్చి ముందు పడేసింది. "మూడుసార్లు ఫోటో, మూడుసార్లు ఆధార్ జిరాక్సు. మా అమ్మ నన్ను ఒక్కసారే కన్నదండీ. మీరు ముగ్గుర్ని చేశారు."

తెరేసమ్మ నవ్వు ఆపుకోడానికి ఇంకో జంతిక నోట్లో పెట్టుకుంది.

రావమ్మ ఆగలేదు. మేత దింపిన లారీ ప్రతి సోమవారం ఖాళీగా వెనక్కి పోతోందట. అదే రోజు చేపలు పంపడానికి తను బయటి బండి మాట్లాడుకుంటోందట, ఎందుకంటే లారీలవాళ్లు చేపలకి మళ్లీ వేరే ఫారం నింపమంటున్నారు. నాలుగో ఫారం గుమ్మం తొక్కితే పాలు, చేపలు అన్నీ వేరేవాళ్లకేనని తేల్చి చెప్పింది. సాయిశ్రీ, ఇశ్రాయేలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తెరేసమ్మ సంచీలోంచి పటం, జాబితా కాగితం తీసి అరుగు మీద పరిచింది. దుర్గాప్రసాద్ సంతకం పెట్టాడు, సాయిశ్రీ పెట్టింది. ఇశ్రాయేలు పెన్ను పట్టుకుని ఆగాడు.

"ఊరుంది, పిన్‌కోడుంది. బండి గట్టుకి ఏ వైపు నుంచి రావాలో ఎక్కడుంది మేడమ్? అది లేకే కదా మనం ఇట్టా ఇరుక్కుంది."

 పన్నెండేళ్లలో లారీలవాళ్లను ఆ ప్రశ్న అడగాలనే తెరేసమ్మకి తోచలేదు. పటంలో ముచ్చటపడి వేసుకున్న గులాబీ రంగు గడి మీద నీలం పెన్నుతో అడ్డంగా గీత కొట్టి, పక్కన వంకరగా ఇంకో గడి గీసింది: దారి ఏ వైపు. జాబితా కాగితంలోనూ అదే రాసింది.

"ఇప్పుడు పెట్టండి," అంది.

పెట్టాడు.

కాగితాలు సంచీలో దోపుకుని తెరేసమ్మ గట్టెక్కింది. ముందు గేదెల్ని పక్కకి దించింది. తర్వాత జీపునీ, ఆపైన సాయిశ్రీ కారునీ వెనక్కి పంపింది, వాటి వెంటే దుర్గాప్రసాద్ కారుని ముందుకి రమ్మంది. కంపెనీ పుట్టాక మొదటిసారి మూడు వ్యాపారాలూ ఆవిడ చెయ్యి ఎటూపితే అటే కదిలాయి.