ఎండబెట్టిన మెతుకులు

కోదాడలో దిగేసరికి పగలు పదకొండూ నలభై. వాన. మూడు లారీలు, రెండో దాంట్లో నేను. సైన్యంలో నర్సును, హోదాకు లెఫ్టినెంటును. తుపాకి ఏనాడూ పట్టలేదు. నా సరంజామా ఒక ఇనప్పెట్టె, ఒక పరుపుచుట్ట, దూది డబ్బాలు, సల్ఫా పొడి, మంచుపెట్టెలో పెన్సిలిన్ సీసాలు. సూర్యాపేట చేరడానికి ఐదు గంటలు పట్టింది. బురదలో లారీని రెండుసార్లు తోశారు.

నిజాం రాజ్యం ముగిసిన ఏడాది అది. రజాకార్లు పోయారు, అడవుల్లోని కమ్యూనిస్టు దళాల కోసం గాలింపు మొదలైంది. మా ఆసుపత్రి ఒక బడి. పద్నాలుగు మంచాలు. కెప్టెన్ డాక్టరు మొదటి సాయంత్రమే మూడు ఆజ్ఞలు చదివాడు. వార్డు నుంచి తిండి బయటికి పోకూడదు. చూడవచ్చినవాళ్ల మూటలు విప్పి చూడాలి. తేడాగా కనిపించినదేదైనా తనకు చెప్పాలి.

"ఇక్కడ పగలు కూలివాడు, చీకటి పడితే దళంవాడు. ఎవరినీ నమ్మకండి" అన్నాడు.

ఆరో మంచం మార్తమ్మది. ఊరు మోతె, ఊరవతల గూడెం. వయసు యాభై దాటి ఉంటుంది. కుడికాలి పిక్కలో గుండు దిగి ఎముక చిట్లింది. ఎవరు కాల్చారో ఆమెకే తెలియదు. కొడుకు దానియేలును దళానికి అన్నం మోశాడన్న అనుమానంతో మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు గోదాంలో పెట్టారు. నెలకొకసారి, శనివారం నాడు, విడుదల జాబితా వచ్చేది. ఈసారి అతని పేరుందని ఆమెకు కబురు అందింది.

రోజూ ఉదయం ఏడింటికి ఆమె కట్టు మార్చేదాన్ని. మత్తుమందు పెద్ద కోతలకే. పుండులోంచి గుడ్డ లాగుతుంటే ఆమె పళ్లు బిగించి, ఆనక కూనిరాగం తీసేది. ముఖంలో నవ్వు.

"నొప్పి లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదు బిడ్డా, పానం పోతది. గని నొచ్చినకొద్ది ఆయన ఇంత దగ్గెరకు జరుగుతడు. గందుకే నవ్వొస్తది."

ఆమె అన్నది ప్రభువును. నేనూ క్రైస్తవురాలినే. మా నాన్న మిషను బడిలో పంతులు. అయినా నమ్మలేదు. ఆ నొప్పిలో నవ్వేది మతి తప్పినవాళ్లు, లేదంటే ఏదో దాచేవాళ్లు. ఆమెకు మతి చక్కగా ఉంది.

గురువారం ఆమె తలగడ కింద మూట కనిపించింది. విప్పితే ఎండిన అన్నం మెతుకులు, గులకరాళ్లంత గట్టిగా. రెండు మూడు శేర్లు ఉంటాయి. కిటికీ అరుగు మీద మరో పిడికెడు ఆరుతోంది.

కాపలా హవల్దారు చిత్తూరువాడు. మెతుకు ఒకటి పంటికింద వేసుకుని ఉమ్మేశాడు.

"దీన్ని ఎవరు తింటారు సిస్టర్? నీళ్లలో నానేసుకుని అడవిలో ఉండేవాళ్లు తింటారు. ముసలిది పాటలు పాడతా మనల్ని బాగా జోకొట్టింది."

మూటను మళ్లీ తలగడ కిందే పెట్టి కెప్టెన్‌కు చెప్పాను.

"అనుమానమా, నమ్మకమా?" అని అడిగాడు.

"అనుమానమే."

"చాలు" అన్నాడు. నాలుగూ పదికి వైర్‌లెస్‌లో మిర్యాలగూడకు కబురు వెళ్లింది. శనివారం జాబితాలో దానియేలు పేరు లేదు.

ఆదివారం ఉదయం మార్తమ్మ తనే ఆ మూట నా చేతికిచ్చింది.

"సిస్టరమ్మా, గీడ గుడి ఉన్నదట గద. జర అయ్యగారికి ముట్టజెప్పు. పిడికెడు బియ్యం. ఇంట్ల అయితె ఎసట్ల పొయ్యకముందే తీసి కుండల ఏస్తం. గీడ మీరు వండిందే పెడ్తరు. నేనేం జెయ్యాలె? ఎండబెట్టిన."

నా చేతిలో మూట బరువెక్కింది. మా అమ్మ వంటింట్లోనూ అలాంటి కుండ ఉండేది. వండే ప్రతి పూటా దేవుడి వంతు ఒక పిడికెడు. ప్రతి ఆదివారం ఆ కుండ గుడికి మోసింది నేనే. పచ్చి బియ్యమైతే చూడగానే పోల్చుకునేదాన్ని. వండినవి కావడంతో నాకు అడవి గుర్తొచ్చింది. ఒక్క మాట ఆమెనే అడిగి ఉండవచ్చు. అనుమానించమన్నారు గాని అడగమని ఎవరూ చెప్పలేదు.

జరిగింది చెప్పాను. ఆమె గోడవైపు తిరిగింది. ఆ రోజంతా ఏడ్చింది. పాట లేదు.

కెప్టెన్ నన్ను వైర్‌లెస్ లారీ ఎక్కనిచ్చాడు. ఆపరేటరు చెవికప్పులు నాకిచ్చాడు.

"మిర్యాలగూడ, సూర్యాపేట పిలుస్తోంది. గురువారం కబురు తప్పు. ఆ మెతుకులు గుడికి ఇచ్చే కానుక. తప్పు నాది. ఓవర్."

"జాబితా మూశాం. వచ్చే నెల చూస్తాం. అవుట్."

సోమవారం ఏడింటికి కట్టు విప్పాను.

"గట్టిగ గుంజుతున్నవ్ బిడ్డా. మెల్లగ."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? పొద్దుందాక ఆయనతోటి కొట్లాడిన. నీ మీద గూడ చెప్పిన. మంచిగ చెప్పిన."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమంటడు? గీడ, మంచం పట్టె మీద కూసున్నడు. ఎంత తిట్టినా లేసి పోలే." అని నవ్వింది. ఆ వెంటనే కూనిరాగం.

ఈసారి ఆ నవ్వును దగ్గరగా చూశాను, ఎక్కడైనా అతుకు కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

తొమ్మిది రోజులకు జ్వరం తలకెక్కింది. పెన్సిలిన్ పనిచేయలేదు. చివరి రెండు రోజులు ఆమె ముద్ద ముట్టలేదు. కంచం రాగానే ఒక పిడికెడు తీసి నాకిచ్చేది. నేను తీసుకెళ్లి కిటికీ అరుగు మీద ఆరబెట్టాను. హవల్దారు చూశాడు. కాకి వాలితే టోపీతో తోలాడు.

తర్వాతి నెల దానియేలు విడుదల చీటీతో నడిచి వచ్చాడు. గుండు చేసిన తల, ఎముకలు తేలిన భుజాలు. తల్లి చనిపోయిన సంగతి గేటు దగ్గరే తెలిసింది.

"మా అమ్మ ఏడ్సిందా సిస్టరమ్మా?"

"ఒక్క దినం. అదీ నా వల్ల." మొత్తం చెప్పాను. అయ్యగారికి చేర్చకుండా నా పెట్టెలోనే ఉంచుకున్న మూట ఇచ్చాను.

అతను నా ముఖం వైపు చూడలేదు. అరుగు మీద కూర్చుని మూట విప్పాడు. తన తువ్వాలు కొసన ఉన్న ముడి కూడా విప్పాడు. అందులో నూకలు, మధ్యమధ్య ఊక. గోదాంలో వండుకోవడానికి ఇచ్చినదాంట్లోంచి పూటకు పిడికెడు తీసిపెట్టాడట. తల్లి మెతుకుల మీద వాటిని పోశాడు.

"మోతె దిక్కు బండి ఏమన్న పోతదా?" అన్నాడు.

ఏడు నెలలకు నా డ్యూటీ ముగిసింది. అదే కోదాడ దారిన బెజవాడ, అక్కడి నుంచి రైలు. తర్వాత పెళ్లయింది. పాపకు ఇప్పుడు ఎనిమిదో నెల. అది పడుకున్నాక ఇది రాస్తున్నాను. మధ్యలో రెండుసార్లు లేచి దాని ఊపిరి చూసి వచ్చాను. దగ్గితే అనుమానం, దగ్గకపోతే అనుమానం. ఎసరు పెట్టే ముందు నేనూ పిడికెడు తీస్తాను. అది భక్తో, బిడ్డ కోసం దేవుడికిచ్చే లంచమో నాకు తెలియదు. నా మంచం పట్టె మీద ఎవరైనా కూర్చున్నారా అని చీకట్లో తడుముతాను.

బియ్యంలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ విప్పిన మూటే కనిపిస్తుంది. పసుపుబారిన మెతుకులు, తెల్లటి నూకలు. దానియేలు తలవంచి, ఒక్క వేలితో ఆ రెంటినీ నెమ్మదిగా కలుపుతున్నాడు.