జనవరి ఒకటిన పుట్టినోళ్లు

కొత్తగూడెం దాటి అడవిలోకి వచ్చినంక పోలీసులు మా బస్సు ఆపిండ్రు. ఒకాయన పైకెక్కి, మిర్చి ఏరే కూలికి పోతున్న ఆరుగురు గూడెం ఆడవాళ్ల ఆధార్ కార్డులు తీసుకున్నడు. నా పక్కన కూర్చున్న పెద్దమ్మదీ అందులో ఉంది.

"ఏంది, ఆరుగురూ జనవరి ఒకటినే పుట్టిండ్రా? దొంగ కార్డులా? దిగుండ్రి."

ఎవరూ కదల్లేదు. పుట్టిన తారీఖు తెలియనోళ్లందరికీ కార్డు రాసేటోళ్లు అదే వేస్తరని నాకు తెలుసు. మా అమ్మ కార్డు మీదా అదే ఉంది. అయినా తల దించుకున్న. పరీక్షకు చదువుతున్న పుస్తకం ఒళ్లో తెరిచే ఉంది.

పెద్దమ్మే లేచింది. "రాసినాయన ఏసిండు సారూ. నేను పుట్టిననాడు ఇప్పపూలు రాలుతున్నయంట. గదే రాయమంటే కంప్యూటర్ తీసుకోదన్నడు."

ఆయన ఆరు కార్డులూ ఇంకోసారి తిప్పి చూసిండు. కార్డులు సీటు మీద పడేసి దిగిపోయిండు.

బస్సు కదిలింది. కార్డును కొంగున ముడేసుకుంటూ ఆమె నా పుస్తకం దిక్కు చూసింది.

"ఏంది బిడ్డా అది?"

"ఒకే రోజు పుట్టిన గొప్పోళ్ల పేర్లు, పెద్దమ్మా. పరీక్షల అడుగుతరు."

"గట్లనా. వాళ్లను గూడ గిట్లనే దిగమన్నరా?"