లిద్యా కవితల కోసం ఆత్మకూరు దాకా

నల్గొండ నుంచి ఆత్మకూరు దాకా నన్ను లాక్కెళ్లింది అసూయే. ప్రాజెక్టు కింద కృష్ణలో మునిగిన ఒక ఊరి మీద నేను రాసిన కవితా సంపుటికి పట్నంలో శాలువాలు కప్పారు. ఆ ఊరివాళ్లు ఇప్పుడుంటున్న కాలనీలోనే ఒక ఉక్రెయిన్ కవయిత్రి సంస్మరణ సభ పెట్టామని మా అక్క బిడ్డ స్వాతి ఫోన్ చేసింది. స్వాతి ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతూ యుద్ధం రాగానే తిరిగొచ్చింది. తర్వాత చదువు ముగించి, ఇప్పుడు ఆత్మకూరు దవాఖానలో డాక్టరు. ఆ కవితలను తెలుగు చేసింది కూడా తనే.

పొద్దున్నే బయలుదేరి దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరడానికి నాలుగు గంటలకు పైనే పట్టింది. బస్టాండు ఎదుట జొన్నరొట్టె తిని ఆత్మకూరు బస్సెక్కాను. రానూపోనూ దారిఖర్చులకు వెయ్యి రూపాయలు పెట్టుకుంటే చాలు. ఆత్మకూరులో దిగి కాలనీకి ఆటో మాట్లాడుకున్నాను.

"డాక్టరమ్మ కవితలు సదువుతది, గాడికేనా సార్?" అన్నాడు డ్రైవరు. "మా అమ్మ గూడ గాడికే పోయింది."

"మునిగిన మీ ఊరి మీద కూడా ఒక పుస్తకం వచ్చింది. తెలుసా?"

"తెల్వదు సార్. ఎవలు రాసిండ్రు?"

సంచిని ఒళ్లోకి లాక్కుని, ఇంకెంత దూరమని అడిగాను.

రేకుల షెడ్డు కింద యాభై మంది దాకా కూర్చున్నారు. ఎక్కువ మంది గొర్లు కాసుకునేవాళ్లు. స్వాతి లిద్యా గురించి చెప్తోంది. లిద్యా బడిపంతులమ్మ. స్వాతి చదువుకున్నన్నాళ్లూ ఆమె ఇంట్లోనే అద్దెకుంది. బాంబులకు ఆ ఇల్లు కూలాక లిద్యా పోలండ్ వెళ్లి, దర్జీ దుకాణంలో గుండీలు కుడుతూ కవితలు రాసింది. రాసిన ప్రతిదీ స్వాతికి ఫోన్లో చదివి వినిపించేది. సొంతూరు మళ్లీ చూడకుండానే పోయిన చలికాలం కన్నుమూసింది. బతికుండగా ఒక్క పుస్తకమూ రాలేదు. ఇప్పుడు ఆమెలా ఊరొదిలిన ఉక్రెయిన్ వాళ్ల పిల్లలు ఆ కవితలు కంఠతా పడుతున్నారట.

రెండు కవితలు చదివేసరికి జలుబుతో స్వాతి గొంతు బొంగురుపోయింది. "మామా, తలుపు కవిత నువ్వు సదువు" అని కాగితం నా చేతికిచ్చింది. నా సంచిలో నా పుస్తకం ఉంది. అందులోంచి చదివితే ఎవరొద్దంటారు అనిపించింది. కానీ అందరూ స్వాతి ముందే చెప్పిన తలుపు కవిత కోసమే చూస్తున్నారు. చదివాను. ఇల్లు లేదని తెలిసినా, నిద్రలో తన చెయ్యి తలుపు గడియ కోసం తడుముతుందని లిద్యా రాసుకుంది.

ముందు కూర్చున్న బాలమ్మ అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గామె ఇల్లు గూడ మునిగిందా బిడ్డా?"

"మునగలేదు అవ్వా. కూలిపోయింది."

"కూలినా మునిగినా ఒక్కటే. మల్లొకసారి సదువు జర."

మళ్లీ చదివాను. షెడ్డులో చప్పుడు లేదు. ఇలాంటి నిశ్శబ్దం కోసమే నేను ఇన్నేళ్లూ రాశాను. అది నా గొంతుకే దక్కింది, నా మాటలకు దక్కలేదు.

నా పుస్తకంలో ఆనకట్ట ఉంది, కోపం ఉంది, ఒక్క తలుపు గడియ లేదు. కన్నుమూసిన మనిషి మీద అసూయపడటం సిగ్గుచేటని తెలుసు. అయినా ఇంటికొచ్చాక కూడా అది తగ్గలేదు. ఆ కాలనీకి వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క మాట: ఆత్మకూరులో దిగగానే మహబూబ్‌నగర్‌కు ఆఖరి బస్సు ఎప్పుడో అడిగి పెట్టుకోండి. నేను అడిగే పెట్టుకున్నాను. కానీ అది వెళ్లే వేళకు తలుపు కవిత నాలుగోసారి చదువుతున్నాను.