కార్డులో లేని రెండో నంబరు

1978 వేసవిలో టెలిఫోన్ శాఖ నన్ను జూనియర్ ఇంజనీరుగా ఆదోనికి బదిలీ చేసింది. ఆదోనిలోని ఆటోమేటిక్ ఎక్స్‌ఛేంజి, ఎమ్మిగనూరులోని చేతి బోర్డు రెండూ నా కిందికి వచ్చాయి. ఆటోమేటిక్ అంటే జనం తామే నంబరు తిప్పుకునేది. చేతి బోర్డు అంటే ఆపరేటరును అడిగితే ఆమె తీగ గుచ్చి కలిపేది. నా పేరు శంకరం. సిబ్బంది వెనకాల ‘శంకల శంకరం’ అనేవారు. అది నాకు తెలియదని వాళ్ళ నమ్మకం. తెలుసుననడంలో మాత్రం నాకే శంకా లేదు.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ముందు ఖాళీ నంబర్లు తనిఖీ చేయాలి. ప్రతి ఫోనుకూ ఒక లైను కార్డు ఉంటుంది. పేరుకో గడి, చిరునామాకో గడి, స్తంభానికో గడి, నంబరుకో గడి. ఏ కార్డులోనూ లేని నంబరు ఖాళీ కింద లెక్క. దాన్ని తిప్పితే ‘ఊఁ’ అని ఎడతెగని మోత రావాలి. ఫోను కోసం ఏళ్ళుగా వరసలో ఉన్నవాళ్ళు ఊళ్ళో చాలామంది కాబట్టి ఖాళీ నంబరు మీద అందరికీ కన్నుండేది.

మూడో రోజు 312 తిప్పాను. కార్డుల ప్రకారం అది ఖాళీ. మోత రావలసిన చోట గంట మోగింది. రెండో గంటకే ఎవరో ఎత్తి “యాడ?” అన్నాడు.

“ఎవరు మాట్లాడేది?” అన్నాను.

“నేనెవురైతే ఏమిలే, ముందు యాడో సెప్పప్పా!”

పెట్టేశాను. ఆ రోజుల్లో మట్కా జూదం ఫోన్ల మీద జోరుగా సాగేది. పేరు చెప్పని మనిషి, లెక్కకు రాని నంబరు. శంకించడానికి నాకు అందులో సగం చాలు.

ఎండీఎఫ్ దగ్గరికి వెళ్ళి చూశాను. అదొక పెద్ద ఇనప చట్రం. ఊరి తీగలన్నీ ఒక పక్కకు వస్తాయి, యంత్రంలోని నంబర్లు మరో పక్కన ఉంటాయి. ఏ తీగకు ఏ నంబరో ఆ రెంటినీ కలిపే సన్నని జంపరు తీగ చెబుతుంది. 312 నుంచి వచ్చిన జంపరు ఫైరాఫీసు లైను మీదికి పోయి ఉంది. ఫైరాఫీసు కార్డు తీశాను. నంబరు గడిలో 101 అని ముత్యాల్లా రాసి ఉంది. ఒక ఫోనుకు రెండు నంబర్లా? ఎవరో ఫైరాఫీసు లైనును చాటు చేసుకుని దొంగ కనెక్షను నడుపుతున్నారని తేల్చేశాను.

ఆ చట్రం పనంతా దావీదు చేతి మీద జరిగేది. పదకొండేళ్ళుగా రోజుకూలీ మజ్దూరు. పర్మనెంటు చేయవలసినవాళ్ళ జాబితా ఆ వారమే పైకి పోవాలి. అతని పేరు అందులో ఉండాలంటే ప్రవర్తన బాగుందని నేను సంతకం చేయాలి. పిలిచి అడిగాను.

“ముందు సారు ఏయమంటే ఏసినాను సార్. ఆదోనోళ్ళకు 101 వచ్చింది. ఊరు దాటితే అది పలకదు, ఎమ్మిగనూరోళ్ళకు కలవదు గదా? అందుకే పాత నంబరు ఉండనీ అన్నాడు.”

“కాగితం?”

“నోటిమాటే సార్.”

ఆ ముందు సారు అప్పటికి అస్సాంలో ఉన్నాడు. “కార్డులో ఒక్క నంబరే ఉందే?” అన్నాను.

“ఒక్క గడే ఉంది సార్. 101 కొట్టి సూడండి, అదే మనిషి పలుకుతాడు.”

అత్యవసర నంబరును పరీక్షించాలంటే ముందుగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నిబంధన నాకు బాగా గుర్తుంది. ఎమ్మిగనూరు ఆపరేటరు రత్నమ్మను అడుగుదామా అనుకున్నాను. దావీదు ఆమెకు ముందే చెప్పిపెట్టి ఉంటాడనిపించింది. ఫైరాఫీసు నాలుగు వీధుల అవతలే ఉంది, పోలేదు. మర్నాడు ఉదయం 312 జంపరు నా చేత్తోనే ఊడదీశాను. దావీదును వరండాలో కూర్చోబెట్టి, అతని మీద రిపోర్టు మొదలుపెట్టాను.

రెండో పేరాలో ఉండగా టెస్టు బల్ల మీద ఫోను మోగింది. రత్నమ్మ.

“సార్, 312కు ఏమైనాది? పావుగంట నుంచి కొడతాండాను, ఊఁ అని ఒకటే మోత. ఈడ నూలు గోదాం కాలిపోతాంది సార్! ఫైరోళ్ళకు చెప్పండి!”

ఎమ్మిగనూరులో అప్పటికి ఫైరింజను లేదు. ఏం అంటుకున్నా ముప్పై కిలోమీటర్లు ఆదోని నుంచే పోవాలి. నోటీసు సంగతి ఆలోచించకుండా 101 తిప్పాను.

“యాడ?”

అదే గొంతు. “ఎమ్మిగనూరు, నూలు గోదాం” అన్నాను.

“నువ్వేనా? నిన్న యాడో సెప్పకుండా పెట్టేసినావే!” అంటూనే పెట్టేశాడు. నిమిషంలో బండి గంట మా కిటికీ కిందుగా పోయింది.

వెనక్కి తిరిగేసరికి దావీదు చట్రం దగ్గర ఉన్నాడు. నేను ఊడదీసిన తీగను నేను చెప్పకముందే తిరిగి వేస్తున్నాడు. సాయంత్రం రత్నమ్మ చెప్పింది: మనుషులెవరికీ ఏమీ కాలేదు, నూలు సగం పోయింది. ఆ పావుగంటకు ఎంత పోయిందో ఎవరూ లెక్క కట్టలేదు. కట్టమని నేనూ అడగలేదు.

జంపరు గురించి మొదలుపెట్టిన రిపోర్టును అదే శీర్షికతో కొనసాగించాను. దావీదు పేరు ఉన్న చోటల్లా నా పేరు వేస్తే వాక్యాలు పెద్దగా మార్చవలసిన పని పడలేదు. అతని ప్రవర్తన బాగుందని వేరే కాగితం మీద సంతకం చేశాను.

“ఈసారన్నా కార్డులో రాయండి సార్” అన్నాడు దావీదు.

“గడి లేదయ్యా.”

“గీయండి సార్. స్కేలు మీ ముందరే ఉందే.”

గీశాను. 101 కింద 312 రాశాను. ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అంటే, దావీదు కాగితం చూడకుండా మరో నాలుగు చెప్పాడు. వాటికీ గీశాను. ఆ ఏడు తనిఖీకి వచ్చిన పై అధికారి ‘ఫారంలో అనధికార మార్పులు’ అని నా సర్వీసు ఫైలులో రాసి వెళ్ళాడు. జాబితా మాత్రం ఆలోపే ఖరారై, దావీదు పర్మనెంటు అయ్యాడు. ఎనభైల్లో శాఖ కొత్త కార్డు అచ్చువేసింది. అందులో నంబరుకు నాలుగు గడులున్నాయి. నా ఫైలులోని మాటను మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

ఆ తర్వాత ఎక్కడికి బదిలీ అయినా నా తనిఖీ క్రమం మారింది. తీగకూ కార్డుకూ పొంతన కుదరనప్పుడు ముందు కార్డును శంకించేవాణ్ణి, తర్వాత నన్ను. తీగ వేసిన మనిషి వంతు మూడోది. ఆ వంతు దాకా వెళ్ళవలసిన అవసరం నా సర్వీసులో రెండుసార్లే వచ్చింది.