మా దొడ్లో బయటపడ్డ శాసనం

మొన్న ఆదివారం మా దొడ్లో నేనొక శాసనం బయటపెట్టాను. చప్పట్లు కొట్టకండి, కాస్త ఆగండి. ఆ రోజు నుంచి ఇంట్లో నా నోరు లేవడం లేదు. నా నోరు!

మాది శ్రీముఖలింగం పక్క ఊరు. ఒకప్పుడు అక్కణ్ణుంచి ఏలిన గంగరాజుల మీద దొరికిన పుస్తకమల్లా చదివినదాన్ని. వాళ్ల నాణెం ఒక్కటైనా మా దొడ్లో లేకపోతుందా అని ఆన్‌లైన్‌లో మెటల్ డిటెక్టర్ తెప్పించాను. "ఇదేటే, గడ్డి కోసే మిసనా?" అన్నాడు మా ఆయన.

దొడ్డి మాకూ మా మరిదికీ ఉమ్మడి. అందుకని తోటికోడలు పార్వతినీ పిలిచాను.

"నానేటీ ముట్టుకోనక్కా," అంది గుమ్మంలోంచే. "రేపేదైనా పోతే మళ్లీ నన్నే అంటావు, ఆ ఇత్తడి సెంబు లాగ."

అదో పాత గొడవ. నా పెళ్లికొచ్చిన చెంబు తొమ్మిదేళ్ల కిందట మాయమైంది. తీసింది పార్వతే అని తేల్చేశాను. సాక్ష్యమా? నాకు అనిపించింది, చాలదూ! అప్పటి నుంచి చుట్టాలొచ్చినప్పుడల్లా "చెంబులు జాగ్రత్తమ్మా" అని ఒక ముక్క వదులుతూనే ఉన్నాను.

సరే, మొదటి కూత! తవ్వితే ఇనప నాడా. "గంగరాజుల గుర్రానిది!" అన్నాను. "మన ఎర్రెద్దుది," అన్నాడు మా ఆయన. రెండోది సోడా మూత. మూడోది కొబ్బరిచెట్టు మొదట్లో... అబ్బో, ఏం కూత! ఆ చెట్టు నా చేత్తో నాటిందే. కాయ దింపిన ప్రతిసారీ ఊరంతా వినేలా చెప్తాను కూడా.

మోకాలి లోతున గునపం ఠంగుమంది. మట్టిముద్ద, పచ్చగా చిలుము, అంచు కింద చుక్కలతో కొట్టిన అక్షరాలు! పార్వతి ఉండబట్టలేక చింతపండు తెచ్చి తోమింది. ముందు 'కానుక' అని తేలింది.

"దానశాసనం! రాజుగారు గుడికిచ్చింది!" అని అరిచాను. వెయ్యేళ్ల నాటి లిపి నాకింత గడగడా ఎలా వచ్చేస్తోందని అనుమానం రావాలా వద్దా? రాలేదు. నా తెలివే అనుకున్నాను.

పార్వతి ఇంకాస్త తోమింది. ఆగింది. మట్టి వదిలి చెంబుగా తేలినదాన్ని నా ముఖం ముందు పెట్టింది.

"సదువక్కా. పుస్తకాలు సదివినదానివి నువ్వే కదా."

'చి.ల.సౌ. గౌరీశ్వరికి మేనమామ కానుక.'

గౌరీశ్వరిని నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. మొక్క నాటిన రోజు గోతిలో వెయ్యడానికి ఉప్పు ఆ చెంబుతోనే పట్టుకెళ్లాను. ఈ పార్వతితోనే దేనికో తగువాడుతూ, చెంబు మీద కూడా మట్టి లాగేశాను. చెట్టు నేను నాటలేదందామా? ఊరంతా సాక్ష్యం!

"తప్పయిపోయిందే," అన్నాను చిన్నగా.

"ఏటీ? ఇనపడ్లేదు."

ఈసారి వీధిలోకి వినపడేలా చెప్పించింది. అక్కడితో ఊరుకుందా? "తొమ్మిదేళ్లు దొంగన్న పేరు మోసినాను. ఇంక సెంబు నాదే," అని పట్టుకుపోయింది. మా ఆయన నా వైపు చూసి, డిటెక్టర్ బాగా పనిచేస్తున్నాదన్నాడు.

ఇప్పుడు వాళ్లింటికి ఎవరొచ్చినా మంచినీళ్లు అందులోనే, పేరున్న వైపు తిప్పి మరీ. అక్షరాలు కొంచెం అరిగాయి కదా, చుట్టాలు కూడబలుక్కుంటుంటే "ఉండండి, మా అక్కకి వస్తాది" అని కేకేస్తుంది.

కళ్లజోడు తుడుచుకుని వెళ్లి చదివి వస్తున్నాను.