సగం చెప్పిన మాట

డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వచ్చే కుసుమగుడలో కిల్లో గాసి అనే రైతు ఉన్నాడు. కొంచెం కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియం, ఇంటికి సరిపడా చోళ్లు, అంటే రాగులు. అదే అతని బతుకు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివాడు. ఊళ్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, బడిలో నేర్చింది తెలుగు. అందుకని ఏ అధికారి వచ్చినా ముందు గాసి కోసం కబురు పెట్టేవారు. ముసలివాళ్ల మాట అధికారికి, అధికారి మాట ముసలివాళ్లకు చేరవేయడం అతని పని. టీకాలు, పింఛన్లు, బోరింగులు... ఆ మాటల్లో భయపడవలసింది ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

కిందటి చలికాలంలో అతనికి మొదటిసారి భయం వేసింది.

ఊరి వెనక కొండను నల్లరాయి క్వారీకి ఇవ్వాలని ఎవరో దరఖాస్తు పెట్టారు. ఊరు ఒప్పుకుంటే తప్ప కొండ మీద చెయ్యి వెయ్యడానికి లేదు కాబట్టి గ్రామసభ పెట్టారు. క్వారీ వస్తే ఊరికి మంచి రోడ్డు వేస్తామన్నారు. కాగితాల మీద పేరు ఎవరిదైనా, రాయి కొట్టబోయేది దేవీప్రసాద్ అని అందరికీ తెలుసు. మండలంలో పెద్ద నాయకుడు. సభకు ముందురోజు అతని జీపు గాసి తోట దగ్గర ఆగింది.

"ఏటి సేత్తన్నావు గాసీ?"

"పళ్లు కోత్తన్నాను బాబూ."

దేవీప్రసాద్ ఒక కాఫీ పండు తెంపి వేళ్ల మధ్య నలిపాడు. "రేపు సభకి ఆఫీసరు మేడమ్ వత్తాది. ముసిలోళ్లు ఏటేటో సెప్తారు. నిన్ను అబద్దం ఆడమని నేననను. కొంచెం కురచ సేసి సెప్పు, సాలు."

గాసి పళ్లు కోస్తూనే ఉన్నాడు.

"మీ గుంట బాగుందా? అరకు హాస్టల్లోనే ఉంది గదా."

"బాగుంది బాబూ."

"మంచిది," అని నవ్వి జీపెక్కాడు.

ఆ గుంట గాసి కూతురు ప్రసన్న. ఒక వానాకాలం మలేరియా ముదిరి మాట పడిపోతే, డోలీ మోసేవాళ్లు కూడా దొరకనప్పుడు, ఘాట్ రోడ్డులో ఆసుపత్రికి చేర్చింది ఈ జీపే. ఆ సంగతి గాసి ఎన్నడూ మరిచిపోలేదు. ఇప్పుడు ఆ నోటి నుంచే పిల్ల మాట వచ్చింది. అడిగింది క్షేమమేనా, ఇంకేదైనానా అని సాయంత్రం దాకా ఆలోచిస్తూనే ఉన్నాడు.

భార్య కనకకు చెప్పాడు. ఆమె చోళ్లు చెరగడం ఆపింది.

"పిల్లని బతికించినోడు. అడిగింది సిన్న మాటే గదా," అంది.

"సిన్న మాటే."

"మరింకేటి?"

గాసి లేచి పళ్ల బుట్ట లోపలికి మోసుకుపోయాడు.

సభ రోజు డుంబ్రిగుడ సంత. తెలుగు వచ్చిన కుర్రాళ్లంతా మిరియాలు, పిప్పళ్లు మూటగట్టుకుని సంతకు వెళ్లిపోయారు. బడి వరండాలో మిగిలింది ముసలివాళ్లు, ఆడవాళ్లు. మాధవి అనే అధికారి కొత్తగా మైదానం నుంచి వచ్చింది, ఊరి భాష రాదు. ఆమె పక్క కుర్చీలో దేవీప్రసాద్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

మొదట దొయిమతి అనే ముసలమ్మ లేచింది. కర్ర ఆనుకుని నెమ్మదిగా, చాలాసేపు మాట్లాడింది. ఆ కొండ కింద ఊటే ఊరికి నీళ్లు. పేలుళ్లకు ఊట పగిలిపోతే ఏం తాగాలి? కొండ మీద జాకర దేవత ఉంది. ఆమెను లేపి ఎక్కడ పెడతారు? మేం ఇవ్వం. ఎంత రోడ్డు వేసినా ఇవ్వం.

గాసి లేచి నిలబడ్డాడు. దేవీప్రసాద్ వైపు చూడలేదు. అయినా అతని చూపు చెంప మీద తెలుస్తూనే ఉంది.

"నీళ్లకి ఇబ్బంది లేకుండా సూడమంటంది మేడమ్. రోడ్డు మాట కూడా సెప్పింది."

"అంతేనా? ఆవిడ చాలాసేపు మాట్లాడారు కదా," అంది మాధవి.

"అంతే మేడమ్."

కనకతో సహా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు కొంత తెలుగు వచ్చు. వాళ్లు తలలు దించుకున్నారు. మాధవి రాసుకోవడం మొదలుపెట్టింది. గాసికి ఒక్క క్షణం ఊపిరి తేలికయింది. అయిపోయింది, ఇంటికి పోవచ్చు అనుకున్నాడు.

అప్పుడు దొయిమతి అతని మోచెయ్యి పట్టుకుంది. "అంతా సెప్పినావా నాయినా?" అని తమ భాషలో అడిగింది. అనుమానపడి అడగలేదు. తాను మరిచిపోయిందేమైనా ఉంటే చేర్చమని అడిగింది.

హాస్టల్ గేటు, దాని ముందు ఆగిన జీపు కళ్ల ముందు కనబడ్డాయి. కూర్చుందామనుకున్నాడు. ముసలమ్మ చెయ్యి వదల్లేదు.

"మేడమ్, నేను సరిగా సెప్పలేదు," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినబడింది. "వాళ్లు కొండ ఇవ్వం అంటన్నారు. ఎంత రోడ్డేసినా ఇవ్వం అంటన్నారు." తర్వాత ఊట గురించి, జాకర గురించి వరసగా చెప్పాడు.

మాధవి మొదట రాసింది కొట్టేసి మళ్లీ రాసింది. సభ ముగిశాక దేవీప్రసాద్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"బాగా సెప్పావు గాసీ," అన్నాడు. అంతే.

తిట్టి ఉంటే బాగుండేదని గాసి తర్వాత కనకతో అన్నాడు. మర్నాడు తెల్లవారగానే షేర్ జీపెక్కి అరకు పోయాడు. ప్రసన్న హాస్టల్లో బట్టలు ఉతుక్కుంటోంది. ఎందుకొచ్చావని అడిగితే, ఊరికే అన్నాడు. ఎవరు పిలిచినా బయటికి రావద్దని మాత్రం చెప్పాడు. పిల్ల భయపడింది. భయపెట్టినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఏటా కాఫీ కొనే షావుకారు ఈసారి రాలేదు. కారణం ఎవరూ చెప్పలేదు. తోటలో ఉండగా మలుపు దగ్గర ఏ బండి చప్పుడు వినిపించినా గాసి చెట్టు చాటుకు జరిగేవాడు. అందరి భయం తన ఒక్కడి మీద దించేశారని ఊరి మీద ఉక్రోషంగా ఉండేది. కానీ సభలో తలలు దించుకున్న ఆడవాళ్లు రోజుకొకరుగా వచ్చి అతని తోటలో పళ్లు కోసిపెట్టారు. సభ గురించి ఒక్క మాటా ఎత్తలేదు.

మొదటి సభకు జనం సరిపోలేదని వేసవిలో రెండో సభ పెట్టారు. ఈసారి మాధవి సంత లేని రోజు చూసి పెట్టించింది. కుర్రాళ్లంతా వచ్చారు. మాట చేరవేయడానికి వేరే ఊరి నుంచి తెచ్చిన మనిషి నోరు తెరవకముందే, వాళ్లే లేచి క్వారీ వద్దని తెలుగులో చెప్పారు. ఊరు ఒప్పుకోలేదని మాధవి రాసుకుపోయింది. పై ఆఫీసులో ఏం తేలుస్తారో ఇంకా తెలియదు. ఆ రోజు గాసిని ఎవరూ నిలబడమనలేదు. చివరి వరసలో కూర్చుని, పిలవనందుకు హాయిగా ఊపిరి తీసుకున్నాడు. ఆ హాయికి కొంచెం సిగ్గు కూడా పడ్డాడు.

దేవీప్రసాద్ ఇప్పటికీ దారిలో కనిపిస్తే చెయ్యి ఊపుతాడు. గాసి కూడా ఊపుతాడు. దేవీప్రసాద్ సభ సంగతి మరిచిపోయాడో, అదను కోసం కాచుకుని ఉన్నాడో అతనికి తెలియదు.

మొన్న తోటలో మిరియపు తీగ కడుతూ కనక అడిగింది.

"ఇంకా భయమేనా?"

"భయమే."

"నాకూను," అని ఆమె రెండో చెట్టు దగ్గరికి నడిచింది.